వైద్య పత్రికకి వ్యాసం పంపిన రచయిత మందుల కంపెనీ డబ్బు తీసుకున్నాడని తెలిస్తే, ఆ వ్యాసాన్ని అచ్చుకి ముందు పరిశీలించే నిపుణుడు (రివ్యూయర్) ఇచ్చే మార్కులు మారాలా?

గణాంకుడు: 2019లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగం చూడండి. ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ పత్రికకి వచ్చిన 1,480 వ్యాసాలు, 3,041 రివ్యూలు. లాటరీ పద్ధతిలో కొందరు రివ్యూయర్లకి రచయితల డిస్‌క్లోజర్ (ఎవరి డబ్బు తీసుకున్నారో చెప్పే ప్రకటన) చూపించారు, కొందరికి చూపలేదు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరి రచయితల చేత ఆ ఫారాలు ఎందుకు నింపిస్తున్నట్టు?

పల్లవి: 2012లో ఎన్‌ఈజేఎం అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం సంగతో? 269 మంది వైద్యులకి ఊహాజనిత మందుల ట్రయల్స్ అబ్‌స్ట్రాక్టులు (వ్యాస సారాంశాలు) ఇచ్చారు. కంపెనీ డబ్బు అని ఉంటే, పద్ధతి పకడ్బందీగా ఉన్న ట్రయల్‌నీ తక్కువే నమ్మారు.

గణాంకుడు: వాళ్ళు రివ్యూయర్లు కారు, పాఠకులు.

పల్లవి: రివ్యూయర్ పాఠకుడు కాదా?

గణాంకుడు: కాదండీ! అబ్‌స్ట్రాక్ట్ చదవడం వేరు, వ్యాసం మొత్తం విప్పి చూడటం వేరు.

కిరణ్: అసలు డిస్‌క్లోజర్ ఫారమే చాలామంది తప్పు నింపుతారు. గత 36 నెలల్లో అందింది రాయమనే లెక్క, ఈ పనికి బయటి ఆదాయానికి. ఈ పనికే అందిన డబ్బుకి ఆ గడువు లేదు, ప్లానింగ్ మొదలైన రోజు నుంచీ రాయాలి.

పల్లవి: మార్కులు, మార్కులు అని పట్టుకు వేలాడతారేమిటి? మారాల్సింది మార్కు కాదు, రివ్యూయర్ వెతికే చోటు. స్పాన్సర్ (డబ్బిచ్చిన కంపెనీ) పేరు కనబడగానే, కొత్త మందుని పోల్చిన పాత మందు డోసు చూడాలి. ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. ఇవ్వాల్సిన చోట 200 ఇస్తే కొత్త మాత్ర గెలవక ఏం చేస్తుంది? తర్వాత సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) తెరిచి ప్రైమరీ అవుట్‌కమ్ (ట్రయల్ ప్రధానంగా కొలుస్తానన్న ఫలితం) సరిచూడాలి. అక్కడ 12 వారాల నొప్పి, వ్యాసంలో 6 వారాలు అని ఉంటే పట్టుబడినట్టే. రిజిస్ట్రీలో ఆఖరిసారి మార్చిన తేదీ కూడా చూడండి. విశ్లేషణ చేసింది కంపెనీ ఉద్యోగా, డేటా ఎవరి చేతిలో ఉంది అని అడగండి.

గణాంకుడు: కంపెనీ డబ్బు లేని ట్రయల్‌లో ఇవి చూడక్కర్లేదా? అన్నిటికీ చూడాల్సినవే కదా!

పల్లవి: చూడాలి. చూస్తున్నారా?

గణాంకుడు: జీతం లేని పనికి ఇంత సోదా రివ్యూయర్ మీద రుద్దడమే నాకు నచ్చనిది. రిజిస్ట్రీ సరిచూడటం పత్రిక ఆఫీసు పని.

పల్లవి: ఇదా మీ బాధ! మొదటే చెప్పొచ్చుగా.

కిరణ్: ఎవరు చూసినా సరే, ఆ ప్రశ్నలు రివ్యూ ఫారంలో 'ఎడిటర్‌కి మాత్రమే' అనే పెట్టెలో పడేయకండి. రచయితలకి వెళ్ళే భాగంలో రాస్తేనే లిఖితపూర్వకంగా జవాబొస్తుంది.

గణాంకుడు: ఏ పెట్టెలో రాసినా వెతికే పని ఆఫీసుదే.