మా కాలనీలో గురుద్వారా వద్దంటూ రాసిన పత్రం: సంతకం చేయాలా?

నాందేడ్ కాలనీవాసి:
మిత్రులకు నమస్కారం. మాది నాందేడ్ ఊరి అంచున ఉన్న పాత ఎన్.ఏ. (వ్యవసాయేతర) లేఅవుట్. సగం ఇళ్లు ఉస్మాన్‌షాహీ మిల్లు నడిచిన రోజుల్లో నిజామాబాద్, బోధన్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలవి. కాలనీ మూలమీద ఉన్న రెండు ప్లాట్లలో గురుద్వారా కట్టడానికి కొన్ని సిక్కు కుటుంబాలు నక్షా (కట్టడపు ప్లాన్) దాఖలు చేశాయి. దానికి అభ్యంతరం తెలుపుతూ మా కాలనీ సంఘం ఒక పత్రం తయారుచేసి ఇంటింటికీ తిప్పుతోంది. అందులో నాలుగు కారణాలున్నాయి: వాహనాల రద్దీ, తెల్లవారుజామున మైకు, లంగర్ (గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం) వంటల మురుగునీరు, చివరగా ‘తఖ్త్ (సిక్కుల ప్రధాన పీఠమైన హజూర్ సాహిబ్) ఊళ్లోనే ఉండగా ఇంకొకటి ఎందుకు’ అన్నది. మొదటి మూడూ నాకు సబబుగానే తోచాయి గాని, నాలుగోది చదివాక చేయి ఆగింది. సంతకం పెట్టకపోతే నలుగురిలో వేరుపడినట్టు అవుతుంది. ఇటువంటి వ్యవహారం ఎదుర్కొన్నవారు సలహా ఇవ్వగలరు.

విశ్రాంత ఇంజనీరు:
ఆ ప్లాట్లు వాళ్లు సొంతంగా కొన్నవా, లేక లేఅవుట్‌లో అందరి కోసం వదిలిన ఖాళీ జాగాలో భాగమా అన్నది మీరు రాయలేదు. మొత్తం వ్యవహారం దాని మీదే ఆధారపడి ఉంది కనుక ముందు ఉతారా (భూమి హక్కు రికార్డు నకలు) తీయించి చూడండి. గుడి, మసీదు, చర్చి, గురుద్వారా వంటి పేర్లతో వీధుల్లో, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో అనుమతి లేని కట్టడాలను ఇకమీదట రానివ్వరాదని 2009 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. సొంత ప్లాటు అయితే ఆ ఆదేశంతో పనిలేదు. 1966 నాటి మహారాష్ట్ర ప్రాంతీయ, నగర ప్రణాళికా చట్టం కింద పాలిక (నగరపాలక సంస్థ) నక్షాను మంజూరు చేస్తుందా లేదా అన్నదే మిగులుతుంది. ఇళ్ల మధ్య ప్రార్థనాస్థలం రానేరాదన్న వాదన అక్కడ నిలవదు. రోడ్డు వెడల్పు చాలుతుందా, పార్కింగ్ ఎంత చూపారు, మురుగునీరు ఎటు పోతుంది అని అడిగితే మాత్రం పాలిక పట్టించుకోక తప్పదు. మైకు సంగతికి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి: రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బయటికి వినిపించేలా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు, నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఇది మీ కాలనీలోని గుడికి కూడా వర్తిస్తుంది, గుడి ఉంటే.

దెగ్లూర్ వాసి:
నేనైతే సంతకం పెడతాను, అయితే మతం చూసి కాదు. మా వీధిలో ఒక కల్యాణ మండపం వచ్చింది. నక్షాలో పార్కింగ్ అని చూపిన చోటే ఇప్పుడు వంటల పందిరి వేస్తున్నారు. ఒక ముహూర్తం రోజున మా నాన్నగారికి గుండెనొప్పి వస్తే అంబులెన్స్ సందు మొదట్లోనే ఆగిపోయింది. ఆయన్ను మంచంతో సహా మోసుకువెళ్లవలసి వచ్చింది. కట్టడం లేచాక మన మొర వినేవాడుండడు. ఇంజనీరుగారు చెప్పిన ప్రశ్నలన్నీ ముందే, రాతపూర్వకంగా అడగాలి. గురుపురబ్ (సిక్కు గురువుల స్మారక పండుగ) రోజున వచ్చే జనం ఎక్కడ బండ్లు నిలుపుతారో కూడా అందులో ఉండాలి.

గురుద్వారా రోడ్డు పక్క నివాసి:
పార్కింగ్ గురించి చెప్పిన మాటలన్నీ ఒప్పుకుంటాను గాని, నాలుగో కారణం మాత్రం కొట్టేయవలసిందే. గురు గోవింద్ సింగ్ 1708లో ఇక్కడే సిక్కుల పవిత్ర గ్రంథమైన గ్రంథ్ సాహిబ్‌కు గురుపీఠం అప్పగించి, ఇక్కడే పరమపదించారు. పంజాబ్ మహారాజా రంజిత్ సింగ్ 1832లో మొదలుపెట్టించిన హజూర్ సాహిబ్ కట్టడం ఐదేళ్లకు పూర్తయింది. అది దేశమంతటి నుంచి యాత్రికులు వచ్చే తఖ్త్. నగీనా ఘాట్, మాల్ టేకడీ వంటి గురుద్వారాలు కూడా గురువు జ్ఞాపకంతో ముడిపడిన చోట్లే. మీ కాలనీలోని ముసలావిడ రోజూ పొద్దున్నే నడిచి వెళ్లి గ్రంథ పఠనం వినే చోటు వేరు. తిరుమల ఉంది కదా అని మనం పేటకొక బాలాజీ గుడి కట్టడం మానలేదు. బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు రోడ్డు నిండా ఆడుతుంటే ‘మీ పండుగ మీ నిజామాబాద్‌లో చేసుకోండి’ అని ఎవరైనా అంటే మనకెలా ఉంటుంది? అన్నట్టు, ఇక్కడి గురుద్వారా బోర్డు చట్టం కూడా 1956లో, నాందేడ్ అప్పుడు భాగంగా ఉన్న హైదరాబాద్ రాష్ట్రం చేసినదే. మన తాతలదీ వాళ్ల తాతలదీ అప్పట్లో ఒకే సర్కారు.

నాందేడ్ కాలనీవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ఉతారా తీయించాను, రెండు ప్లాట్లూ సొంతంగా కొన్నవే. అదే కాగితాల్లో మరో సంగతి కూడా బయటపడింది. మా హనుమాన్ గుడి లేఅవుట్‌లో పిల్లల ఆటలకు వదిలిన జాగాలో ఉంది, దానికి మంజూరైన నక్షా ఏదీ లేదు. సంఘం పెద్దాయనకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు; తరువాత పత్రం వెనక్కి తీసుకుని నాలుగో కారణాన్ని తన పెన్నుతోనే కొట్టేశారు. రద్దీ, మురుగునీటి సంగతులు అలాగే ఉంచి, మైకు నియమం దగ్గర ‘గుడితో సహా’ అని చేర్చమన్నాను. దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. సోమవారం నక్షా చూడడానికి ముగ్గురం పాలికకు వెళ్తున్నాం, ఆ సిక్కు కుటుంబాల్లోంచి ఒక పెద్దమనిషి కూడా వస్తామన్నారు.