అప్‌డేట్: పాత లండన్ మామూలు జనం గురించి అడిగాను కదా

రాజులూ యుద్ధాలూ కాకుండా, ఇంగ్లండ్‌లో మామూలు జనం ఎలా బతికారో ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఎక్కడ చదవొచ్చని అడిగాను. ఓల్డ్ బెయిలీ (లండన్‌లోని పెద్ద క్రిమినల్ కోర్టు) రికార్డులు చూడమన్నవాళ్లకు థ్యాంక్స్. మొదలుపెడితే వదలబుద్ధి కావడం లేదు.

1674 నుంచి 1913 వరకు దాదాపు రెండు లక్షల విచారణలున్నాయి. పేరుతోనో నేరంతోనో వెతకొచ్చు. చేతిరుమాళ్లు, వెండి చెంచాలు, దుప్పట్లు... పోయిన సొత్తు చిట్టా చదివితే చాలు, ఆ ఇళ్లలో ఏముండేదో తెలిసిపోతుంది. వాటి ధరలూ రాశారు. అసలు కథంతా ఆ ధరల్లోనే ఉంది! 18వ శతాబ్దంలో ఇంట్లోంచి 40 షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి. అందుకే జూరీ వాళ్లు చాలా కేసుల్లో విలువను 39 షిల్లింగులుగా తేల్చేవారు. ఉరి తప్పి ద్వీపాంతరవాసంతో సరిపోయేది. మొదట్లో అమెరికాకు, తర్వాత ఆస్ట్రేలియాకు పంపేవారు.

1086 నాటి డూమ్స్‌డే బుక్ (ఇంగ్లండ్ రాజు ఊళ్లవారీగా చేయించిన భూముల, ఆస్తుల సర్వే) కూడా బాగుంది. ఊరి పేరు కొడితే నాగళ్లు, నీటి మరల లెక్క వస్తుంది. తూర్పున నార్‌ఫోక్, సఫోక్ జిల్లాల వైపైతే పందులతో సహా! లండన్ మాత్రం అందులో లేదు, వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకండి.