దయారా బుగ్యాల్ ట్రెక్: యాభై దాటాక వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నారా?

కృష్ణ ఒడ్డు · జులై 8

అందరికీ నమస్కారం. నాకు 53 ఏళ్ళు. విజయవాడలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. దసరా సెలవుల్లో ఇద్దరం ఉత్తరాఖండ్‌లోని దయారా బుగ్యాల్ ట్రెక్‌కి వెళ్దామని పట్టుబట్టింది. దెహ్రాదూన్ నుంచి మళ్ళీ దెహ్రాదూన్ చేరేసరికి ఆరు రోజులట. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే తేలిక అని చెప్పింది.

నాకు వెళ్ళాలనే ఉంది. చిన్నప్పటి నుంచీ హిమాలయాలంటే పిచ్చి, ఇప్పటిదాకా ఒక్క మంచుకొండ కూడా కళ్ళారా చూడలేదు. కానీ మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. నా వల్ల అమ్మాయి ట్రిప్పు పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కొండదారి · జులై 8

నమస్తే అమ్మా. నేను దయారాకి రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి మార్చిలో మంచున్నప్పుడు, ఒకసారి అక్టోబర్‌లో.

బుగ్యాల్ అంటే గఢ్వాల్ వాళ్ళ మాటలో చెట్లు ఆగిపోయిన చోట మొదలయ్యే పచ్చికబయలు. దయారా ఉత్తరకాశీ జిల్లాలో సుమారు 3,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మొదటి రోజంతా కారు ప్రయాణమే. ఉత్తరకాశీ దాటి భట్వారీ మీదుగా రైథల్ ఊరు చేరేసరికి సాయంత్రం అవుతుంది. రెండో రోజు గుయి అనే చోటికి అడవిలో ఎక్కుడు. మూడో రోజు కొంచెం పైనున్న చిలపడాకి, అది తక్కువ నడకే. నాలుగో రోజు తెల్లవారుజామున లేచి బుగ్యాల్ మీదుగా టాప్‌కి వెళ్ళి, అదే రోజు కిందికి దిగిపోతారు. కష్టమైన రోజు అదొక్కటే. టాప్ 3,600 మీటర్లు దాటుతుంది.

తేలిక అనే మాటని మాత్రం పూర్తిగా నమ్మకండి. మిగతా హిమాలయ ట్రెక్‌లతో పోలిస్తే తేలిక అంతే. మన ఊళ్ళో సాయంత్రం పార్కులో వేసే నడకతో దానికి సంబంధం లేదు. మూడు నెలలు టైముంది కాబట్టి ఈరోజే మొదలుపెట్టండి, మీరు చేయగలరు.

భీమిలి గాలి · జులై 9

మేడమ్, మీ మోకాలి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. పోయినసారి నాకూ సరిగ్గా ఇదే.

నేను ప్రాక్టీస్ కోసం తిరుమల వెళ్ళి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను. మూడున్నర గంటలు పట్టింది. ఇంకేం, రెడీ అయిపోయాననుకుని బస్సులో దిగి వచ్చేశాను. తప్పు అక్కడే జరిగింది. కొండల్లో ఆయాసం ఎక్కేటప్పుడు వస్తుంది, మోకాలికి దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది. దయారా నుంచి దిగిన రోజు నా మోకాళ్ళు వణికిపోయాయి. చివరి గంట పక్కకి తిరిగి ఒక్కో అడుగూ వేసుకుంటూ దిగాను.

కాబట్టి మీరు ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కితే నడిచే దిగండి. మొదట నెమ్మదిగా, తక్కువ మెట్లతో మొదలుపెట్టండి. అంతకన్నా ముందు ఒక ఫిజియోథెరపిస్ట్‌ని కలిసి తొడ కండరాలు గట్టిపడే వ్యాయామాలు నేర్చుకోండి. మోకాలి బరువు మోసేది ఆ కండరాలే.

షూ గురించి ఇంకో మాట. మెట్లదారిలో మనం చెప్పుల్లేకుండా ఎక్కుతాం కాబట్టి షూ కాలికి అలవాటు కాదు. ట్రెక్‌కి వేసుకునే షూతోనే కనీసం నెల రోజులు వేరేచోట నడవండి. నేను బయల్దేరే మూడు రోజుల ముందు కొత్తవి కొన్నాను. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తోసుకుని రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడి ఊడిపోయాయి. షూ ఒక సైజు పెద్దవి తీసుకోండి, వెళ్ళే ముందు గోళ్ళు కత్తిరించుకోండి.

ఓరుగల్లు పిల్లగాడు · జులై 9

అక్కా, తప్పకుండా వెళ్ళండి, అక్కడికి వెళ్ళొస్తే మస్తు ఖుషీ అయితరు. నాకు ఒక్కటే బాధనిపించింది. ఫోటోల్లో చూసినట్టు గడ్డి మీద టెంట్ వేసుకుని రాత్రి చుక్కల కింద పడుకుందామని ఎంతో ఆశపడ్డాను. తీరా వెళ్తే క్యాంపులన్నీ కింద అడవిలోనే వేశారు. పైన ఉండటానికి వీల్లేదన్నారు. డబ్బులు కట్టినప్పుడు ఆ మాట ముందే చెప్పి ఉంటే బాగుండేది.

దూన్‌లో తెలుగు · జులై 10

తమ్ముడూ, ఆ సంగతి ముందే చెప్పకపోవడం నిర్వాహకుల తప్పే. కానీ పైన ఉండనివ్వకపోవడం మాత్రం మంచిది. నేను పదకొండేళ్ళుగా దెహ్రాదూన్‌లో ఉంటున్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో రాత్రి బసని నిషేధించింది. అక్కడికి వెళ్ళేవాళ్ళ సంఖ్యకి కూడా 200 అని పరిమితి పెట్టింది. ఆలీ, బేద్నీ బుగ్యాల్‌ల చుట్టుపక్కల వాళ్ళే తమ పచ్చిక పాడైపోతోందని కోర్టుకి వెళ్ళారు. రూప్‌కుండ్ సరస్సుకి వెళ్ళే ట్రెక్ దారి ఆ బుగ్యాల్‌ల మీదుగానే పోతుంది. ఒక్కో సీజన్‌లో వందల టెంట్లు, గుర్రాలు, కంచరగాడిదలు, ప్లాస్టిక్.

ఆ గడ్డి మన పొలం గట్టు మీద గడ్డిలాంటిది కాదు. ఏడాదిలో సగం మంచు కింద ఉంటుంది. మిగిలిన నెలల్లోనే మొలవాలి, పూయాలి, గింజ పట్టాలి. పైన మట్టి పొర చాలా పలచన, వేళ్ళు దాన్ని చాపలా అల్లుకుని పట్టి ఉంచుతాయి. టెంట్ చుట్టూ కాలువ తవ్వినా, గుర్రాలు ఒకే దారిలో పదేపదే నడిచినా ఆ చాప చిరుగుతుంది. వాన నీళ్ళు ఆ చిరుగులోంచి దిగి మట్టిని కోసుకుంటూ పోతాయి. రెండు మూడేళ్ళలో అక్కడ పెద్ద గండి పడుతుంది.

దయారాలో కూడా అలా గండ్లు పడ్డాయి. అటవీశాఖ వాళ్ళు కొబ్బరిపీచు చాపలు, పీచు దుంగలు, వెదురు మేకులు వాడి వాటిని కట్టారు. సిమెంటు వాడలేదు. పీచు నెమ్మదిగా మట్టిలో కలిసిపోయేలోపు గడ్డి పట్టుకుంటుంది. నేను కోనసీమవాణ్ణి. పదకొండు వేల అడుగుల ఎత్తున, కొబ్బరిచెట్టు అంటే ఏమిటో తెలియని చోట, ఆ పీచు కొండని పట్టుకుని ఉండటం చూసి కళ్ళు చెమర్చాయి.

అందుకని వెళ్ళేవాళ్ళందరికీ ఒకటే విన్నపం. ఉన్న కాలిబాట మీదే నడవండి. బురదగా ఉందని పక్కన గడ్డి తొక్కితే కొత్త బాట పడుతుంది.

ఓరుగల్లు పిల్లగాడు · జులై 10

అన్నా, ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఫోటోల కోసం బాట దిగి చాలా దూరం గడ్డి మీద నడిచాను. ఇకమీదట అట్ల చెయ్యను.

గుంటూరు స్టెత్ · జులై 11

నేను జనరల్ ఫిజీషియన్‌ని, ట్రెక్‌లంటే ఇష్టం. బీపీ ఉన్నంత మాత్రాన వెళ్ళకూడదని కాదు. అదుపులో ఉండాలి, మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు. వెళ్ళే ముందు మీ డాక్టర్‌తో ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష మాట్లాడండి.

3,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 65 శాతమే. అంటే ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ అంత తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా ఇబ్బంది మొదలవ్వచ్చు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం దాని గుర్తులు. పాతికేళ్ళ కుర్రాడికి వచ్చి యాభై ఏళ్ళ మనిషికి రాకపోవచ్చు. కుర్రవాళ్ళు తొందరగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్ళకే ఎక్కువ చూశాను.

ఎత్తు వల్ల వచ్చే ఈ ఇబ్బందికి వాడే డయామాక్స్ మాత్ర గురించి అడుగుతారని తెలుసు. ముందుజాగ్రత్తగా మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు ఇస్తాం. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు ఉందేమో చూపించుకోండి, ఎందుకంటే డయామాక్స్ కూడా అదే పని చేస్తుంది.

నల్లమల · జులై 11

డాక్టర్ గారు చెప్పినదానికి నా సొంత అనుభవం కలుపుతాను. ఇది దయారాలో కాదు, ఇంకా ఎత్తైన వేరే ట్రెక్‌లో. సాయంత్రం తల పగిలిపోతోంది. చెబితే కిందికి పంపేస్తారని భయపడి, లీడర్ అడిగితే బాగానే ఉన్నానన్నాను. పొద్దున్నకి వాంతులు. ఒక గీత మీద మడమకి వేలు ఆనించి నడవమంటే తూలిపోయాను. ఇద్దరు పోర్టర్లు పట్టుకుని దింపారు. ఓ ఆరు వందల మీటర్లు దిగేసరికి మనిషినయ్యాను. నా వల్ల మొత్తం బ్యాచ్ ఒక రోజు ఆగిపోయింది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తలనొప్పి ఉంటే వెంటనే చెప్పండి. తగ్గేవరకు ఇంకా పైకి వెళ్ళొద్దు. పెరుగుతుంటే దిగడమే మందు.

బట్టల విషయంలో కూడా పొరపాటు చేయొద్దు. 2024 జూన్‌లో ఉత్తరకాశీ-టిహ్రీ సరిహద్దులోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన 22 మంది బృందం మంచుగాలిలో చిక్కుకుంది. 9 మంది చనిపోయారు. దయారా కన్నా అది చాలా ఎత్తు, నిజమే. కానీ అది కూడా మంచి సీజనే అనుకున్న నెలలోనే జరిగింది. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టలు, పైన ఫ్లీస్, దాని మీద వాన ఆపే జాకెట్. రాత్రి వేసుకునే పొడి జత ఒకటి ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి, నడిచేటప్పుడు దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ బయటికి తీయొద్దు.

మల్లెతీగ · జులై 12

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడే సంగతి నేను రాస్తాను. క్యాంపులో బాత్రూమ్ అంటే చిన్న టెంట్‌లో గొయ్యి, పని అయ్యాక మట్టి వేయాలి, నీళ్ళు వాడరు. చలికి లేవలేక రాత్రి నీళ్ళు తాగడం మానేస్తాం, అది ఎత్తు వల్ల వచ్చే తలనొప్పిని ఇంకా పెంచుతుంది. పగలు మూడు నాలుగు లీటర్లు తాగండి.

నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు తీసుకెళ్ళండి, ఎత్తుకీ శ్రమకీ తేదీ మారిపోవచ్చు. వాడినవి కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి మీతోనే కిందికి తెచ్చేయాలి. గొయ్యిలో వేయొద్దు.

కృష్ణ ఒడ్డు · జులై 13

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న మా డాక్టర్‌ని కలిశాను, ఫిజియోకి కూడా చీటీ రాశారు. ఇంకో రెండు సందేహాలు. నాకు హిందీ అంతంతమాత్రం. తిండి ఎలా ఉంటుంది?

కొండదారి · జులై 13

అన్నం, పప్పు, రాజ్మా, రొట్టె, కిచిడీ ఉంటాయి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు మన కందిపొడి, మాగాయ ప్రాణం నిలబెడతాయి. నూనె కారకుండా రెండు కవర్లలో కట్టండి. హిందీకి భయపడకండి, ఆ ఊళ్ళవాళ్ళు చాలా మర్యాదస్తులు, మిమ్మల్ని మాతాజీ అనో దీదీ అనో పిలుస్తారు. వానాకాలంలో మాత్రం వెళ్ళకండి. 2025 ఆగస్టు 5న ధరాలీని ముంచేసిన వరద ఆ గంగోత్రి రోడ్డు మీదే వచ్చింది. అక్టోబర్ అయితే ఆకాశం తేటగా ఉంటుంది, గడ్డి బంగారు రంగుకి తిరుగుతుంది.

కృష్ణ ఒడ్డు · అక్టోబర్ 19

వెళ్ళొచ్చామండీ! మొన్న రాత్రే ఇల్లు చేరాం. మీరందరూ చెప్పినవి నాకెలా పనికొచ్చాయో రాయడం నా బాధ్యత అనిపించింది.

మొదటి రోజు కారు మలుపులకి రెండుసార్లు వాంతి అయింది. వాంతి మాత్ర పొద్దున్నే వేసుకోవాలి, ఇది ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. రైథల్‌లో పాత చెక్క ఇళ్ళు, వాకిట్లో ఎండబోసిన రాజ్మా చూసి కుదుటపడ్డాను.

గుయి దాకా ఓక్ చెట్ల నీడలో నడిచాం. అందరికన్నా చివర్లో చేరాను, మా గైడ్ కుర్రాడు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. చిలపడాలో రాత్రి తల బరువెక్కింది. నల్లమల గారి మాట గుర్తొచ్చి వెంటనే లీడర్‌కి చెప్పాను. వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 88 ఉంది. ఈ ఎత్తుకి ఇది ఫరవాలేదు, నీళ్ళు తాగండి, గంట తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారు. పొద్దున్నకి తగ్గిపోయింది.

నాలుగో రోజు చీకట్లో బయల్దేరాం. గడ్డి మీద మంచు గడ్డకట్టి అడుగు వేస్తే పటపటమంది. చెట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎదురుగా అంతా బయలు, మా దివిసీమ పొలాలని ఎవరో ఎత్తి కొండ మీద పరిచినట్టు. దాని వెనక బందర్‌పూంఛ్ మీద మొదటి ఎండ పడింది. 53 ఏళ్ళకి మొదటి మంచుకొండ. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

టాప్‌కి మాత్రం వెళ్ళలేదు. మోకాలు అప్పటికే చెబుతోంది, దిగాల్సిన దారి ఇంకా ఉంది. అమ్మాయి నాతోనే ఉంటానంది, నేనే పంపించాను. రెండు గంటలు గైడ్‌తో బాట పక్క బండ మీద కూర్చున్నాను. ఆగస్టు నడుమ వాళ్ళ ఊరంతా పశువులతో పైకి వచ్చి అంఢూడీ పండగ చేసుకుంటారట, వెన్న, మజ్జిగ ఒకరి మీద ఒకరు చల్లుకుంటారట. నాకొచ్చిన హిందీలో మన ఉట్టి కొట్టడం గురించి చెప్పాను, చాలా సంతోషపడ్డాడు. దూన్ గారు రాసిన కొబ్బరిపీచు కూడా చూపించాడు. సగం మట్టిలో కలిసిపోయింది, దాని మీద గడ్డి మొలిచింది.

దిగేటప్పుడు నొప్పి వచ్చింది కానీ భరించగలిగినంతే. మూడు నెలలు మెట్లు దిగినందుకు ఆ ఫలితం.

దూన్‌లో తెలుగు · అక్టోబర్ 19

అమ్మా, గడ్డి మొలిచిందన్న ఆ ఒక్క వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను. ఈసారి వస్తే మా ఇంట్లో దిగకుండా వెళ్ళొద్దు.

సింగరేణి · అక్టోబర్ 21

మేడమ్, వచ్చే మేలో మా నాన్నగారిని తీసుకెళ్దామనుకుంటున్నాను, ఆయనకి 58. చేతికర్ర ఒకటి సరిపోతుందా?

కృష్ణ ఒడ్డు · అక్టోబర్ 21

రెండు తీసుకోండి బాబూ. ఎక్కేటప్పుడు పొట్టిగా, దిగేటప్పుడు కొంచెం పొడవుగా సర్దుకోవాలి. ఇప్పటి నుంచే ఆయన చేత మెట్లు దిగించండి.