తియారోయ్ 1944: రావాల్సిన జీతం అడిగితే కాల్పులదాకా ఎందుకెళ్లింది?

తీరవాసి అడిగారు:
సెనెగల్‌లో డకార్ పక్కన తియారోయ్ శిబిరంలో 1944 డిసెంబర్ 1న ఫ్రెంచ్ సైన్యం తన సొంత ఆఫ్రికన్ సైనికుల మీదే కాల్పులు జరిపిందని ఈమధ్యే చదివాను. జీతాల గొడవ అని ఒకచోట, నోట్ల మార్పిడి గొడవ అని ఇంకోచోట రాశారు. 1940లో ఫ్రాన్స్ కోసం పోరాడి జర్మన్లకు పట్టుబడి ఏళ్ల తరబడి ఖైదులో మగ్గినవాళ్లు కదా వీళ్లు! ఆ నోట్ల తిరకాసు ఏంటో ఎవరైనా అర్థమయ్యేలా చెప్తారా?

పాతలెక్కలు:
రెండూ నిజమేనండి. ముందు బాకీ సంగతి. ఖైదులో గడిపిన కాలానికి రావాల్సిన జీతంలో పావు వంతు ఫ్రాన్స్‌లో, మిగతా ముప్పావు డకార్‌లో దిగాక ఇవ్వాలని 1944 అక్టోబర్‌లోనే ఉత్తర్వు వచ్చింది. అది సరిగ్గా అమలు కాక ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతంలో మోర్లే రేవులోనే పేచీ మొదలై, డబ్బు చేతికందితే గానీ ఓడ ఎక్కమని 300 మందికి పైగా అక్కడే ఆగిపోయారు. మిగతావాళ్లు సర్కాసియా అనే బ్రిటిష్ ఓడలో నవంబర్ 21న డకార్ చేరారు.

ఇక నోట్లు. వీళ్ల దగ్గరున్నవి ఫ్రాన్స్ నోట్లు, సెనెగల్‌లో చెల్లేవి పశ్చిమాఫ్రికా బ్యాంకు అచ్చేసినవి, అంటే మార్చుకోక తప్పదు. ఆఫ్రికా కాలనీలకి వేరే విలువతో పెట్టిన సీఎఫ్‌ఏ ఫ్రాంకు వచ్చింది 1945 డిసెంబర్‌లో, అప్పటిదాకా రెండు చోట్లా ఫ్రాంకు విలువ ఒకటే. అయినా సగం విలువకే మారుస్తామన్నారు. వెయ్యి ఇస్తే ఐదొందలు! పైగా ఇంత డబ్బు మీకెక్కడిదని అనుమానం. ఖైదీలుగా పొలాల్లో, అడవుల్లో చాకిరీ చేసి దాచుకున్నవాళ్లని అడగాల్సిన మాటేనా అది? నాకు ఇప్పటికీ అక్కడే కడుపు మండుతుంది.

రేవుదారి:
పై జవాబుకి కొనసాగింపు. నవంబర్ 28న దాదాపు 500 మందిని బమాకో (ఇప్పటి మాలి రాజధాని) రైలెక్కమంటే, లెక్క తేల్చనిదే కదలమన్నారు. ఒకసారి ఊళ్లకి చెదిరిపోతే ఆ డబ్బు కోసం ఎవరి గుమ్మం తొక్కాలి? మాట్లాడ్డానికొచ్చిన ఫ్రెంచ్ సైన్యాధికారి జనరల్ డాన్యాన్ కారుకి అడ్డం నిలబడ్డారు. చూస్తానని ఆయన మాటిస్తే దారి వదిలేశారు. ఆయనేమో అక్కణ్నుంచి బయటపడి, నన్ను బందీ చేయబోయారని పైకి చెప్పుకుని బలగాల్ని సిద్ధం చేయించాడు. డిసెంబర్ 1 తెల్లవారుజామున సాయుధ వాహనాలు, ఒక ట్యాంకు శిబిరాన్ని చుట్టుముట్టాయి. అందర్నీ బయటికి రప్పించారు, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో కాల్చారు. అధికారికంగా 35 మంది చనిపోయారన్నారు, 70 అని చెప్పే సైనిక పత్రం కూడా ఉంది. కొందరు చరిత్రకారులు 300 దాటిందంటారు.

తీరవాసి:
థాంక్యూ అండీ, ఇద్దరికీ. మాటిచ్చి వెళ్లి బలగాల్ని పంపడం చదివి మనసు పాడైపోయింది. బతికినవాళ్లకైనా ఆ డబ్బు ముట్టిందా?

పాతలెక్కలు:
బతికినవాళ్లలో 34 మందిని 1945 మార్చిలో సైనిక కోర్టుకి ఎక్కించి ఏడాది నుంచి పదేళ్ల దాకా శిక్ష వేశారండి. వాళ్ల తరఫున వాదించింది లమీన్ గేయ్, సెనెగల్‌లో పేరున్న నాయకుడు. 1947లో క్షమాభిక్ష పెట్టి వదిలేశారు గానీ తీర్పు మాత్రం కొట్టేయలేదు, అంటే కాగితం మీద వాళ్లు నేరస్థులుగానే ఉండిపోయారు. 2014లో అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు ఓలాంద్ డెబ్బైకి పైగా చనిపోయారని ఒప్పుకున్నాడు. ఊచకోత అనే మాట మాక్రాన్ నోట రావడానికి 2024 నవంబర్ దాకా పట్టింది, అదీ సెనెగల్ అధ్యక్షుడికి రాసిన ఉత్తరంలో. ఎవరిని ఎక్కడ పూడ్చారన్నది కుటుంబాలు ఇంకా అడుగుతూనే ఉన్నాయి. బాకీల సంగతీ అంతే, వారసులు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.