అల్యూమినియం బోట్ లోపల కోటింగ్ ఏ రంగుది వెయ్యాలి? డాలస్‌లో కొత్త, హెల్ప్ చెయ్యండి

ప్లానో నుంచి, కొత్తగా వచ్చినోడు:

అన్నలకి అక్కలకి నమస్తే. నాది వరంగల్, ఈమధ్యనే డాలస్ సైడ్ షిఫ్ట్ అయిన. మా ఆఫీస్ల ఒకాయన ఊరు ఖాళీ చేస్తున్న అని తన పాత బోట్ సస్తాకు ఇచ్చిండు, 14 అడుగుల అల్యూమినియం బోట్, వెనక చిన్న మోటర్, ట్రైలర్ కూడ ఉంది. బయట మంచిగనే ఉంది కానీ లోపల పెయింట్ పొట్టు లెక్క లేస్తుంది, కొన్ని జాగల ఉత్త రేకే కనపడ్తుంది. ట్రక్కుల వెనక వేసే బెడ్‌లైనర్ లాంటి గట్టి కోటింగ్ లోపల అంతా వేసేస్తే ఇగ చూస్కునే పని లేదన్నరు. కలర్ ఏది తీస్కోవాల్నో సమజ్ అయితలేదు. స్టోర్ల నలుపు చీప్‌గ దొరుకుతుంది, చూడనీకి కూడ మస్తుంటది. మా ఆవిడ తెలుపే వెయ్యమంటుంది, నీట్‌గ ఉంటదని. చిన్న పాప కూడ వస్తది బోట్ల. ఇక్కడ చేపలు పట్టేటోళ్ళు ఎవరన్న ఉంటే జర చెప్పుండ్రి.

లూయిస్‌విల్ లేక్ దగ్గరుండే అన్న:

తమ్ముడూ వెల్కమ్. నలుపు డబ్బా షెల్ఫ్‌లోనే వదిలేసి వచ్చెయ్. జూలై ఆగస్టుల్లో ఇక్కడ 100 డిగ్రీలు (ఫారెన్‌హీట్ లే, కంగారు పడకు) మామూలే, నీళ్ళ మధ్యలో చెట్టు నీడ కూడా ఉండదు, నల్ల డెక్ మీద పాప చెప్పులు విప్పిందంటే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, బోట్ అడుగు రేకు కింద ఎప్పుడూ నీళ్ళుంటాయి, అల్యూమినియం ఆ వేడిని టకటకా నీళ్ళలోకి దింపేస్తుంది, అంచేత మరీ అడుగున ముదురు రంగున్నా అంత కాలదు. కాలేవన్నీ నీటికి పైన ఉండేవి, బెంచీలు, ముందు వైపు ఎత్తుగా కట్టిన డెక్, పక్కల పైభాగం, అంచు. మనం కూర్చునేదీ చెయ్యి వేసేదీ అక్కడే కదా.

మరి ఏ రంగూ వద్దు, ఉత్త రేకు ఉంచేద్దాం అనేవాళ్ళు కూడా ఉన్నారు. మెరుస్తుంది కాబట్టి చల్లగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఉండదు. ఎండని చాలావరకు వెనక్కి కొడుతుంది, అది నిజమే, కానీ పట్టిన ఆ కాస్త వేడిని బయటికి వదలడం ఉత్త లోహానికి చేతకాదు, అలా దాచుకుంటూనే ఉంటుంది. లేత రంగు పెయింట్ అయితే ఎండనీ తిప్పికొడుతుంది, పట్టిన వేడినీ వదిలేస్తుంది. అందుకే లేత రంగు వేసిన బెంచీ ఉత్త రేకు బెంచీ కంటే తక్కువ కాలుతుంది.

ఇక మరదలు చెప్పిన తెలుపు. వేడి వరకు ఆవిడ మాటే కరెక్టు, తెలుపు కంటే చల్లని రంగు లేదు. కానీ మధ్యాహ్నం పన్నెండింటికి తెల్ల బోట్‌లో కూర్చుని చూడు, పైనుంచి ఎండ, పక్కనుంచి నీళ్ళ మెరుపు, కిందనుంచి ఈ తెలుపు, తలనొప్పి వచ్చేస్తుంది. పోలరైజ్డ్ కళ్ళద్దాలు నీటి మీది మెరుపుని బాగానే కోస్తాయి గానీ గరుకు తెల్ల పెయింట్ మీంచి చెదిరి వచ్చే వెలుగుని అంత బాగా కొయ్యలేవు. పైగా క్యాట్‌ఫిష్ రక్తం, ఎర్రల డబ్బా ఒలికిన మట్టి, లేక్ లావన్ ఒడ్డున తొక్కిన బురద, అన్నీ తెలుపు మీద ఎగ్జిబిషన్ పెట్టినట్టు కనపడతాయి, అదీ బెడ్‌లైనర్ గరుకులో ఇరుక్కున్నాక బ్రష్ పెట్టి తోమితే తప్ప రావు. నీట్‌గా ఉంచే పని ఎవరి మెడకి చుట్టుకుంటుందో ఆవిణ్ణే అడుగు.

నా ఓటు లేత బూడిద రంగు, కాదంటే ఇసక రంగు, ఏదైనా మ్యాట్‌లో. చాలా పెయింట్ కంపెనీల రంగు చీటీల మీద ఎల్‌ఆర్‌వీ అని, ఆ రంగు ఎంత వెలుగుని తిప్పికొడుతుందో చెప్పే ఒక నంబర్ ఉంటుంది, 0 అంటే కటిక నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. నన్నడిగితే 40కీ 55కీ మధ్యలో చూస్కో, బోట్ కోటింగ్ డబ్బా మీద ఆ నంబర్ లేకపోయినా చీటీ పట్టుకెళ్ళి పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. బూడిదలో ఉన్న సుఖం ఏంటంటే లంగరు తగిలో టూల్‌బాక్స్ గీరుకునో కోటింగ్ లేచిపోయినా కింద కనపడే రేకు కూడా ఇంచుమించు అదే రంగు కాబట్టి దూరానికి తెలీదు. ఇసక రంగు అయితే ఎండిన బురద కనపడదు. రెండిట్లో ఏదైనా పర్లేదు, నేను బూడిద వైపే.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. చిన్న గాలాలు చాలావరకు నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి. నల్ల గరుకు మీద పడ్డ గాలాన్ని కంటితో కాదు, కాలితో వెతుక్కోవాలి. పాప ఉందన్నావ్ కాబట్టి చెప్తున్నా. ట్రైలర్ మీద వారాల తరబడి ఉన్న బోట్‌లో బెంచీ కింద కందిరీగల గూడో, మన అదృష్టం బాగోకపోతే పామో చేరినా లేత రంగు మీదైతే ముందే కనపడుతుంది.

మిన్నసోటా నుంచి ఒక బ్రదర్:

అన్న చెప్పింది టెక్సస్‌కి ఓకే, కానీ ఉత్తరం వైపు ఉండేవాళ్ళు కూడా ఈ థ్రెడ్ చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. మా దగ్గర వాలై అనే చేపల సీజన్ మే నెలలో మొదలవుద్ది, పొద్దున్నే చేతులు కొంకర్లు పోతాయి, డెక్ మీద మంచు పేరుకుని ఉంటది. ఇక్కడ కాస్త ముదురు బూడిద వేస్తే ఎండ రాగానే త్వరగా కరిగి ఆరుద్ది, బాగుంటది కూడా. ఇంక అక్టోబర్లో బాతుల వేటకి పోయేవాళ్ళు లోపల కూడా ఆలివ్ గ్రీనో బురద రంగో వేసుకుంటారు, ఎందుకంటే బాతులు చూసేది పైనుంచి, బయట చుట్టుపక్కల గడ్డిలో కలిసిపోయేలా ఎంత క్యామో రంగు వేసినా లోపల తెల్లగా మెరుస్తుంటే పక్కకి తిరిగి పోతాయి. చేపలకి మాత్రం లోపలి రంగుతో పనిలేదు, వాటికి మన చప్పుడుతోనే ఇబ్బంది, దానికి గరుకు కోటింగ్ మంచిదే, రేకు మీద డబడబ కాస్త తగ్గుద్ది.

ప్లానో కొత్తోడు:

థాంక్యూ అన్నా, బూడిద ఫిక్స్. మా ఆవిడ కూడ గాలం మాట చదివి ఒప్పుకుంది. ఇంకో డౌట్, పాత పెయింట్ గీకితే కింద పసుపు పచ్చ కలిసిన రంగుల ఒక లేయర్ ఉంది. అది సాండర్ పెట్టి మొత్తం లేపేసి డైరెక్ట్ రేకు మీద రోలర్‌తోని కొట్టేయొచ్చా? అపార్ట్‌మెంట్ కాదు, ఇల్లే, గరాజ్ ఉంది.

హ్యూస్టన్ అక్క (కోటింగ్స్ కంపెనీలో పని):

ఆగు తమ్ముడూ, ఆ సాండర్ పక్కన పెట్టు. పాత అల్యూమినియం మీద పసుపు పచ్చ ప్రైమర్ అంటే జింక్ క్రోమేట్ అయ్యే ఛాన్స్ ఎక్కువ. అందులో ఉండే క్రోమియం రకం క్యాన్సర్ తెచ్చేది, ఆ పొడి పీల్చకూడదు, పాప ఆడుకునే ఇంటి గరాజ్‌లో అసలే కూడదు. గట్టిగా పట్టుకుని ఉన్నచోట దాన్ని కదిలించకు, అది రేకుని కాపాడుతూనే ఉంది. లేచిపోతున్న పెయింట్ వరకు తడి చేసి చేత్తో గీకు, మంచి మాస్క్ వేస్కో, గీకింది ఊడ్చి చెత్తలో కలపకుండా మీ సిటీ వాళ్ళు హానికర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చెయ్.

ఇక ఉత్త రేకు మీద డైరెక్ట్‌గా కొడితే రెండు సీజన్లలో మళ్ళీ పొట్టు లేస్తుంది, నీ పాత పెయింట్ కథ కూడా అదే అయ్యుంటుంది. అల్యూమినియం గాలి తగలగానే పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర కట్టేస్తుంది, పెయింట్ పట్టుకునేది ఆ పొరని, అది వదులుగా ఉంటే పెయింట్ కూడా దానితోనే వచ్చేస్తుంది. కాబట్టి ముందు జిడ్డు పోయేలా డీగ్రీజర్‌తో కడుగు, ఆ తర్వాతే రుద్దు. తిరగేసి చేస్తే జిడ్డుని గీతల్లోకి నువ్వే తోస్తావ్. రుద్దడానికి మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్ చాలు, మామూలు ఇనప వైరు బ్రష్ వాడకు, ఇనప ముక్కలు రేకులో దిగబడి అక్కడే తినేస్తాయి. రుద్దిన రోజే, వీలైతే గంటల్లోనే, సెల్ఫ్ ఎచింగ్ ప్రైమరో రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరో వేసెయ్. రెండూ ఒకదాని మీద ఒకటి మాత్రం వద్దు, చాలా ఎపాక్సీలు ఆసిడ్ ఉండే ఆ ఎచింగ్ ప్రైమర్ మీద నిలబడవు, నువ్వు కొనే డబ్బా డేటా షీట్ చదువు. ప్రైమర్ కూడా బూడిద రంగుదే తీసుకో, పైన కోట్లు తక్కువ పడతాయి, పెచ్చు లేచినా కనపడదు.

రంగు గురించి నా వైపు నుంచి ఒకటి. బెడ్‌లైనర్లలో ఆరోమాటిక్, ఆలిఫాటిక్ అని రెండు రకాల యూరిథేన్ ఉంటుంది. చీప్‌వి ఎక్కువగా మొదటి రకం, ఎండకి నిలవదు, నలుపైతే తెల్లగా పొడి పొడిగా పాలిపోయినట్టు అవుతుంది, లేత రంగైతే పసుపెక్కుతుంది. నలుపులో ఆ లోపం కొన్నాళ్ళు దాగుతుంది, నువ్వు లేత బూడిద అంటున్నావ్ కాబట్టి దాగదు. యూవీకి తట్టుకునే ఆలిఫాటిక్ అని డబ్బా మీద రాసి ఉంటేనే తీసుకో, లేదా కోరిన రంగు కలుపుకునే రాప్టర్ లాంటిది చూడు. లేదంటే నీళ్ళ బేస్‌తో వచ్చే కివీగ్రిప్, టఫ్ కోట్ లాంటివి బోట్ డెక్కుల కోసమే చేసినవి, రంగులు కూడా మనకి కావాల్సిన లేతవే దొరుకుతాయి, పసిపిల్ల ఉన్న ఇంట్లో నేనైతే వాటికే వెళ్తా. ఎందుకంటే రెండు డబ్బాలు కలిపే యూరిథేన్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, స్ప్రే చేస్తే ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, ఒకసారి ఆస్తమా పట్టిందంటే తర్వాత కొంచెం వాసనకే మళ్ళీ వస్తుంది. అది స్ప్రే చెయ్యాలంటే షాపు వాళ్ళకి ఇచ్చెయ్, వాళ్ళకి బయటనుంచి గాలి అందించే మాస్కులు ఉంటాయి. ఇంకా టెక్సస్‌లో చాలా ఇళ్ళకి గరాజ్‌లోనే గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, లోపల మంట వెలుగుతూనే ఉంటుంది, అసిటోన్ గానీ సాల్వెంట్ ఉన్న పెయింట్ గానీ అక్కడ మూత తియ్యొద్దు, బోట్‌ని బయటికి లాగి చేసుకో.

ఫ్లోర్ కోసం ప్లైవుడ్ వేద్దామనుకుంటే హోమ్ డిపోలో దొరికే పచ్చటి ట్రీటెడ్ చెక్క కొనకు. చెదలు పట్టకుండా అందులో రాగి ఎక్కిస్తారు, తడి తగిలితే ఆ రాగి అల్యూమినియంని తినేస్తుంది. మనింట్లో సిల్వర్ గిన్నెలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే గిన్నె లోపల గుంటలు పడతాయి చూడు, రేకు అలా అవుతుంది. సెంటు బిళ్ళలు, సీసం గుళ్ళు అడుగున పడి ఉన్నా అంతే, ఏరెయ్. పడవల అడుగుకి వేసే రాగి కలిపిన పెయింట్ ఎవరైనా మిగిలిందని ఊరికే ఇచ్చినా తీసుకోకు.

ప్లానో కొత్తోడు:

అమ్మో, మంచిగైంది అడిగిన. టఫ్ కోటో కివీగ్రిప్పో లేత బూడిద తీస్కుంట అక్కా. గరుకు మొత్తం లోపల అంతా వెయ్యాల్నా, ఉత్త కిందనేనా?

లూయిస్‌విల్ అన్న:

నడిచే చోటే గరుకు, తమ్ముడూ. పక్క గోడలకి, బెంచీ మీదకి నున్నగానే ఉంచు, లేకపోతే మోకాళ్ళు గీరుకుంటాయి, షార్ట్స్ చిరుగుతాయి, చేప జిగురు వదలదు. నేనైతే అడుగున ఒక షేడ్ ముదురు బూడిద గరుకుగా వేసి, పైన ఉన్నవన్నీ లేత బూడిద నున్నగా వేస్తాను. అడుగు ఎలాగూ నీళ్ళ వల్ల చల్లగా ఉంటుంది, బూట్ల మురికి కూడా ముదురులో కలిసిపోతుంది. మరీ నలుపు దాకా వెళ్ళకు, గాలం సంగతి గుర్తుంది కదా. రెండు డబ్బాలు కొనే ముందు అల్యూమినియం రేకు ముక్కల మీద శాంపిల్ పూసి మధ్యాహ్నం రెండింటికి బ్యాక్‌యార్డ్‌లో పెట్టి చెయ్యి వేసి చూడు, మరదల్ని కూడా చూడమను, షాపు లైట్ల కింద లేతగా కనపడ్డది ఇక్కడి ఎండలో తెల్లగా కొడుతుంది.

పూసేముందు రివెట్లు (రేకులని కలిపి పట్టే మేకులు) కారుతున్నాయేమో చూస్కో. ట్రైలర్ మీదే లోపల నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి కింద ఎక్కడ చుక్క పడుతుందో మార్కర్‌తో గుర్తు పెట్టు, నిండా నింపకు, ట్రైలర్ ఆ బరువు మొయ్యదు. కోటింగ్ దళసరిగా ఉంటుంది కాబట్టి కారడం తగ్గుతుందిలే అనుకుని మీద పూసేస్తే లీక్ ఎక్కడుందో ఇంక ఎప్పటికీ దొరకదు. అడ్డ పట్టీల కింద నీళ్ళు వెనక్కి పోవడానికి చిన్న చిన్న కన్నాలుంటాయి, వాటిని మూసెయ్యకు, పూసేటప్పుడు ఒక్కోదాంట్లో స్ట్రా ముక్క పెట్టు. ఎంతమంది ఎక్కొచ్చో చెప్పే కెపాసిటీ ప్లేట్ మీద, వెనక కుడివైపున ఉండే అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే హల్ నంబర్ (బోట్ గుర్తింపు నంబర్) మీద టేప్ వెయ్యి, అవి పెయింట్ కింద పోతే రేపు అమ్మేటప్పుడు ఇబ్బంది.

ఇది ఏప్రిల్ లోపు చేసెయ్, ఎండాకాలం రేకు కాలిపోతుంటే నీళ్ళ బేస్ పెయింట్ రోలర్ తిప్పేలోపే ఆరిపోయి చారలు కడుతుంది. మీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) రూల్స్ కూడా చదువు, చాలా కాలనీల్లో ట్రైలర్ డ్రైవ్‌వేలో ఉంచితే నోటీస్ వస్తుంది. అన్నట్టు టెక్సస్‌లో బోట్‌కి వేరే, వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటర్‌కి వేరే టైటిల్ (ఓనర్ ఎవరో చెప్పే కాగితం) ఉంటుంది, ఆ ఆఫీస్ ఆయన ఊరు వదిలి వెళ్ళకముందే రెండిటి మీదా సంతకం పెట్టించుకో, పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ దగ్గర నీ పేరు మీదకి మార్చుకోవాలి. పెయింట్ ఎన్నాళ్ళకైనా వేసుకోవచ్చు, ఆయన్ని మళ్ళీ పట్టుకోవడం కష్టం.