ఎనిమిదో తరగతి పిల్లాడి ఆటవెలది: మూడో పాదం మార్చాలా?

తెలుగు టీచర్, తిరుపతి:
మా బడి పత్రికకు ఎనిమిదో తరగతి పిల్లాడు ఈ పద్యం రాసిచ్చాడు.

జాతరపుడు నాకు చప్పట్లు కొట్టిరి
చీర కట్టి నేను చిందులేయ
బడికి కాటుకెట్ట బయట నిలిపినారు
ఏది వేషమమ్మ ఏది నేను

మూడో పాదం మారిస్తేనే అచ్చు వేస్తామంటున్నారు. బడి పరువు పోతుందట. మార్చాలా? పద్యం చదివి చెప్పండి.

ఇద్దరు పిల్లల నాన్న, చిత్తూరు:
మార్చాల్సిందే మేడమ్. పద్యం బాగుంది కానీ ఒకవైపే చెబుతోంది. మన తిరుపతి గంగజాతరలో మొక్కుకుని వేషాలు కట్టేవాళ్లకు మాత్రం నియమం లేదా? బైరాగి వేషానికి నామకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్లసుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఏ రోజు వేషం ఆ రోజే. ఆ కట్టుబాటు పండగా, బడి కట్టుబాటు శిక్షా? కూలివాళ్ల బిడ్డా కాంట్రాక్టర్ బిడ్డా ఒకేలా కూర్చుంటున్నారంటే యూనిఫాం చలవే.

పద్యాలంటే ప్రాణం, చంద్రగిరి:
అన్నా, జాతర నియమాల మాట ఒప్పుకుంటా. పిల్లాడు కూడా నియమాన్ని కాదనలేదు. ఆటవెలదిలో రాశాడు చూడండి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే లెక్క ప్రకారం కూర్చిన అక్షరాల గుంపు). 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ జత కుదరడమే యతి: జా-చ, చీ-చి, బ-బ, ఏ-ఏ. ఒక్క యతీ తప్పలేదు. ఇంత కట్టుబాటులో ఇమిడి రాసినవాణ్ణి ఎదిరించాడని ఎట్లా అంటాం?

నన్ను పట్టుకున్న మాట 'వేషం'. మన దగ్గర అది మొక్కు. దాక్కున్న పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ తల్లే రోజుకో వేషం కట్టిందనీ, దొర వేషంలో వాణ్ణి బయటికి రప్పించి చంపిందనీ కథ. అదే మాట బడిలో 'వేషాలేస్తున్నావా?' అనే తిట్టు. రెండింటి మధ్య నలిగి అడిగిన ప్రశ్న నాలుగో పాదం. 'అమ్మ' అంటే కన్నతల్లా, గంగమ్మా? నాకైతే గంగమ్మే. వేషం సంగతి ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? మూడో పాదం తీసేస్తే ఆమెను అడగాల్సిన అవసరమే ఉండదు.

ఒక అమ్మ, తిరుపతి:
నాకు ఛందస్సు తెలీదు. అంతమంది ముందు బిడ్డను బయట నిలబెట్టారని చదివి కడుపు తరుక్కుపోయింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతో పాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కాటుక కడుక్కుని రా నాయనా అంటే సరిపోయేది కదా.

ఇద్దరు పిల్లల నాన్న, చిత్తూరు:
నిలబెట్టడం తప్పేనమ్మా. రూలు మాత్రం ఉండాల్సిందే. పద్యం పక్కన బడి మాట కూడా నాలుగు ముక్కలు వేస్తారా మేడమ్?

తెలుగు టీచర్, తిరుపతి:
వేయిస్తాను సార్. మీరన్న యూనిఫాం సంగతే రాస్తాను. ఇంకోలా రాస్తావా అని పిల్లాణ్ణి అడిగాను. 'బయట' తీసేస్తే 'బడికి'తో యతి ఎట్లా కుదురుతుంది మేడమ్ అన్నాడు. సోమవారం ఉన్నది ఉన్నట్టే హెచ్.ఎం. గారికి ఇస్తున్నాను.