మార్కెట్ వీధి రీలుకు రంగులేసి 60 ఫ్రేములు చేస్తే దాన్ని 'రీస్టోర్' అనొచ్చా?

పాతరీలు:
శాన్ ఫ్రాన్సిస్కో మార్కెట్ వీధి 1906 రీలు ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. మైల్స్ బ్రదర్స్ అనే సినిమా సంస్థవాళ్ళు కేబుల్ కారు ముందుభాగాన కెమెరా బిగించి ఫెర్రీ బిల్డింగ్ దాకా తీసినది, సుమారు 13 నిమిషాలు. ఏప్రిల్ 18 భూకంపానికి కొద్ది రోజుల ముందు తీశారు. ఇప్పుడు దాని పేరు కొట్టి వెతికితే పైన వచ్చేవన్నీ రంగులేసినవి, సెకనుకు 60 ఫ్రేములకు సాగదీసినవి, ట్రాముల చప్పుడు, గుర్రపు డెక్కల చప్పుడు అతికించినవి. కింద మాత్రం 'రీస్టోర్ చేశాం' అని ఉంటుంది. రీస్టోర్ అంటే ఉన్నదాన్ని కాపాడటం. లేని రంగు, లేని ఫ్రేము, లేని శబ్దం చేర్చినదానికి ఆ మాట వాడకూడదు.

వర్ణచిత్ర:
నేను చేసేది అదే పని కాబట్టి నేనే జవాబిస్తాను. గీతలు పోగొట్టడం, వణుకు తగ్గించడం, వెలుగు మిణుకుమిణుకుమనడం సరిచేయడం, ఇవన్నీ మీ లెక్కలో రీస్టోరే కదా? అక్కడా పక్క ఫ్రేములోంచి చుక్కలు తెచ్చి పూడుస్తున్నాం. మరి గీత ఎక్కడ గీస్తారు? బొమ్మలు గబగబా ఎగురుతున్నట్టు నడిచే వీడియో చూసి పిల్లలు నవ్వుకుని వెళ్ళిపోతారు. అదే వేగం సరిచేసి, కదలిక నున్నగా చేసి చూపిస్తే ఆ టోపీలవాళ్ళు మనుషుల్లా కనిపిస్తారు.

గ్రిప్‌మ్యాన్:
వేగం సరిచేశాం అంటున్నారు, సెకనుకు ఎన్ని ఫ్రేములకు? 16కా, 18కా? అది చెప్పకుండా ఈ చర్చ అనవసరం.

వర్ణచిత్ర:
16. చేత్తో తిప్పే కెమెరాలో పిడి ఒక చుట్టుకు 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు. 35 ఎంఎం ఫిల్ము ఒక అడుగుకు 16 ఫ్రేములు. వెయ్యి అడుగుల రీలు ఆ వేగంలో 16 నిమిషాల 40 సెకన్లు, 24లో వేస్తే 11 నిమిషాలే. మీరు చూసే పిచ్చి పరుగంతా ఆ తేడాలోంచి వచ్చిందే.

గ్రిప్‌మ్యాన్:
అది పుస్తకంలో లెక్క. తిప్పేది మనిషి చెయ్యి, రీలు పొడుగునా ఒకే వేగం ఉండదు. బయోగ్రాఫ్ అనే సినిమా కంపెనీ వాళ్ళ 68 ఎంఎం ఫిల్ము సెకనుకు 30 దరిదాపుల్లో నడిచేది. మరి అన్నిటికీ 16 అని ముద్రేస్తారా?

శైలజ_కె:
మార్కెట్ వీధిది 35 ఎంఎం. 68 సంగతి ఇక్కడెందుకు?

పాతరీలు:
వేగం పక్కన పెడదాం. 16ని 60 చేస్తే ఏమవుతుందో చూడండి. 60ని 16తో భాగిస్తే 3.75 వస్తుంది, అంటే సరిగ్గా పడదు. పావు సెకనుకు అసలు ఫ్రేములు 4, బయటికి వచ్చేవి 15. వాటిలో ఒక్కటే అసలు ఫ్రేముతో క్షణం కలుస్తుంది. అంటే సెకనులో 60 ఫ్రేములకు నాలుగే కెమెరా చూసినవి, 56 యంత్రం గీసినవి. బండి చక్రం ఆకుల దగ్గర ఆపి చూడండి. ఒక ఆకు మాయమై రెండు ఆకులకు నడుమ జిగురులా సాగుతుంది. దాటుతున్న మనిషి కాళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

వర్ణచిత్ర:
ఇది న్యాయమైన మాట. అందుకే నేను 48కి వెళ్తాను, సరిగ్గా మూడింతలు, అసలు ఫ్రేములు పదహారూ చెక్కుచెదరవు. చక్రాలు సాగడానికి ఇంకో కారణం కూడా ఉంది. నెట్‌లో దొరికే కాపీలు చాలావరకు ముందే 24కి మార్చినవి. ప్రతి రెండో ఫ్రేమునూ రెండుసార్లు అచ్చేస్తారు: ఒకటి, ఒకటి, రెండు, మూడు, మూడు, నాలుగు. ఆ నకలు ఫ్రేములు ఏరేయకుండా యంత్రానికి ఇస్తే, కదలిక ఆగి, దూకి, మళ్ళీ ఆగుతుంది. ముందు ఒక్కో ఫ్రేమూ నడిపి వరస లెక్కపెట్టాలి, ప్రతి మూడింటిలో నకలు తీసేయాలి, ఆ తర్వాతే మిగతా పని. టీవీ కోసం సెకనుకు 30కి మార్చిన కాపీ అయితే ఇంకో పొర ఉంటుంది, కొన్ని ఫ్రేముల్లో రెండు క్షణాలు దువ్వెన పళ్ళలా కలిసి ఉంటాయి, అది ముందు విడదీయాలి. ఇదంతా చేయకుండా ఎక్కించేవాళ్ళ తప్పు పనిమీద వేయకండి.

పాతరీలు:
రంగు సంగతో? ఆనాటి ఫిల్ము నీలానికి బాగా స్పందిస్తుంది, ఎరుపు విషయంలో దాదాపు గుడ్డిది. ఎర్ర ఇటుక గోడ, ముదురాకుపచ్చ తలుపు రెండూ ఒకే నలుపుగా పడతాయి. నీలాకాశం తెల్లకాగితం. జెండాలో ఎర్రగీతలు నల్లబడి, నీలం చదరం తేలిపోతుంది. ఆ బూడిదరంగులోంచి అసలు రంగు వెనక్కి లాగే దారి లేదు. యంత్రం వేసేది ఊహ. అందుకే ఏ వీడియో చూసినా కోట్లన్నీ గోధుమరంగు, రోడ్డంతా బురదరంగు.

వర్ణచిత్ర:
ఒరిజినల్, ఒరిజినల్ అని ఎంత గుండె బాదుకుంటారండీ! ఆ ఒరిజినలే సగం ఏర్పాటు. కేబుల్ కారు ముందు అడ్డంగా దూసుకొచ్చే మోటారు బండ్లు చూడండి, అవే కొన్ని బండ్లు చుట్టూ తిరిగి మళ్ళీ మళ్ళీ ఫ్రేములోకి వస్తాయి. వీధి రద్దీగా కనబడాలని తీసినవాళ్ళే తిప్పించారు. 1901లో ఎడిసన్ కంపెనీ, అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని చంపిన చోల్గోష్ మరణశిక్ష చిత్రంలో జైలు బయటి భాగం నిజంగా తీసి, శిక్ష మాత్రం నటులతో ఆడించి అతికించింది. అదీ మీ పవిత్ర సాక్ష్యం.

పాతరీలు:
ఆ బండ్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని మీకెలా తెలిసింది? బండి నంబరు, ముందు దీపం, మడ్‌గార్డు వంపు ఫ్రేములో కనబడ్డాయి కాబట్టి! మీ మసక తుడిచే ఫిల్టరు ఒకసారి తిప్పాక ఆ నంబరు చూడండి, అంకెలాంటి ఆకారం ఉంటుంది, అంకె ఉండదు.

ఇంకో సంగతి. ఈ రీలు 1905 సెప్టెంబరుదని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ చాలాకాలం అనుకుంది. డేవిడ్ కీన్ అనే సినిమా చరిత్రకారుడు అది భూకంపానికి ముందరి రోజులదని నిరూపించాడు. దేంతో? నంబరు ప్లేట్లకు బండి రిజిస్ట్రేషన్ కాగితాలు సరిపోల్చాడు, రోడ్డు మీద నీటి గుంటలు చూసి ఆనాటి పత్రికల్లో వాన వార్తలు వెతికాడు. నీటి గుంట! ట్రాకు పక్కన వెలుగు పడి మెరిసే మచ్చ అది. మీ వెలుగు సరిచేసే యంత్రానికి అది మచ్చే, చదును చేస్తుంది. మీ కాపీ ఒక్కటే మిగిలుంటే ఆ తేదీ ఎవరికీ దొరికేది కాదు.

శైలజ_కె:
నీటి గుంట మాట నిజమే, ఫెర్రీ వైపు వెళ్తుంటే మెరుపు కనబడుతుంది. ఇప్పుడే మళ్ళీ చూశాను.

వర్ణచిత్ర:
మిగిలి ఉండాలంటే స్కాను బయటికి రావాలి కదా! నా కోపం అంతా అక్కడే. ఒక భాండాగారం వాళ్ళని ఇదే కాలపు రీలు అడిగితే, కాపీరైట్ ఎప్పుడో తీరినదానికి, మూలన ముద్ర కొట్టిన చిన్న సైజు ఫైలు పంపారు. పెద్దదానికి నిమిషం లెక్కన డబ్బు. మంచి స్కాను అల్మరాలో పెట్టుకుని, చెడ్డ కాపీతో పని చేసినవాణ్ణి తప్పు పడతారు. జనం చూస్తేనే నిధులొస్తాయి. రంగు లేకపోతే జనం చూడరు.

పాతరీలు:
నా భయం సరిగ్గా దానికి అవతల ఉంది. ఈ మాట మొదటే చెప్పాల్సింది. 1894 నుంచి 1912 దాకా కాపీరైట్ కోసం కాగితం చుట్టల మీద అచ్చేసి ఇచ్చిన సినిమాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మూడు వేలకు పైగా ఉన్నాయి. చాలావాటికి నైట్రేట్ నెగటివ్, అంటే తేలిగ్గా పాడైపోయే ఆనాటి అసలు ఫిల్ము, ఎప్పుడో పోయింది, ఆ కాగితమే దిక్కు. 1950ల్లో కెంప్ నైవర్ అనే పాత సినిమాల సంరక్షకుడు వాటిని 16 ఎంఎంకు ఎక్కించాడు. ఆ సినిమాల్లో ఇప్పుడు నెట్‌లో తిరిగేవి ఎక్కువగా ఆ 16 ఎంఎం నకళ్ళే. అసలు కాగితాన్ని మళ్ళీ స్కాను చేస్తే ఎంత వివరం వస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కానీ 16 ఎంఎం నకలుకే రంగేసి '4కె రీస్టోర్' అని పెడితే, డబ్బిచ్చేవాడు అడుగుతాడు: ఆల్రెడీ అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు? మీరు రంగేయడం కాదు నా బాధ, పని పూర్తయిందని చెప్పడం.

వర్ణచిత్ర:
ఆ మాట ఒప్పుకుంటాను. 'రీస్టోర్' తీసేసి 'రంగు, ఫ్రేములు కలిపిన రూపం' అని పెడతాను. ఏ కాపీలోంచి చేశానో కింద రాస్తాను, ముడి ఫైలు లంకె ఇస్తాను. కానీ ఫ్రేము మూలన శాశ్వతంగా ముద్ర కొట్టమంటే కొట్టను. నాకు చిరాకు తెప్పించిన పనే నేను చేయను.

పాతరీలు:
కింద రాసింది ఎవరూ చదవరు. పది సెకన్ల ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పితే ఆ వివరణ వెంట రాదు. ముద్ర ఉండాలి.

గ్రిప్‌మ్యాన్:
48 చేసేముందు 16 అనేది కొలవండి. కేబుల్ కారుకు సొంత ఇంజను లేదు, పట్టాల మధ్య గాడిలో కేబుల్ ఒకే వేగంతో నడుస్తుంది, దాన్ని పట్టుకునే కారు కింది పట్టు పూర్తిగా బిగిస్తే కారు ఆ వేగమే. 7వ వీధి నుంచి 4వ వీధి దాకా ఒక్కో మలుపు మధ్య దూరం దాదాపు సమానం. కారు ఆగిన, పట్టు జారిన ఫ్రేములు తీసేసి ఒక్కో ముక్కకు ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టండి. లెక్క పెరిగినచోట పిడి వేగంగా తిరిగినట్టు, తగ్గినచోట చెయ్యి నెమ్మదించినట్టు. తర్వాత పేవ్‌మెంటు మీద నడిచేవాళ్ళ అడుగులతో సరిచూడండి: మనిషి సెకనుకు సుమారు రెండడుగులు వేస్తాడు కాబట్టి అడుగుకు 8 ఫ్రేములొస్తే 16 దగ్గర, 9 వస్తే 18 దగ్గర. ముక్కముక్కకూ వేరే వేగం పెట్టాలి.

వర్ణచిత్ర:
5వ వీధి దగ్గర కారు ఆగిందా, పట్టు జారిందా అనేది ఎలా తేలుస్తారు?

గ్రిప్‌మ్యాన్:
రాతి పరుపు అంచు చూడండి. ఆగితే ఒకే రాయి వరసగా ఫ్రేముల్లో కదలకుండా ఉంటుంది. జారితే కొంచెం కొంచెంగా దగ్గరికొస్తుంది. అది కూడా మసక తుడవని ఫైలులోనే కనబడుతుంది.